మట్టంగా ఉన్న ఇల్లు

ఫిబ్రవరి 18

అత్తయ్యకి,

నువ్వు ఉత్తరం రాసి చాలా రోజులైంది. నువ్వు కొత్త ఇంట్లోకి వెళ్తావా, మా దగ్గరికి వచ్చేస్తావా అని నాన్న రోజూ నన్నే అడుగుతున్నాడు, నీ మనసులో మాట నా చేతిసంచిలో ఉన్నట్టు. నేను మాత్రం నిన్ను అడగను. అడగకుండా ఉండటం ఎంత కష్టంగా ఉందో చెబుదామనే ఈ ఉత్తరం.

ఒక సంగతి. మీ ఊరి కిందంతా బొగ్గు తీసి బోలు చేశారు కదా. నేల కుంగుతోందని ఊరివాళ్లందరికీ ఎగువ మైదానంలో కాలనీ కడుతున్నారు కదా. ఆ ఇళ్ల ప్లాన్లు గీసే పని మా ఆఫీసుకి వచ్చింది. ఎవరికి ఏ వీధి కావాలని పెద్దసారు అడిగినప్పుడు అందరూ తలో మాటా అన్నారు. నేను అనలేదు. నా గొంతు సంగతి నీకు తెలుసు, అవసరం వచ్చేసరికి అది నాకంటే ముందు ఇంటికి వెళ్లిపోతుంది. సాయంత్రం అందరూ లేచాక ఒక చీటీ రాసి ఆయన బల్ల మీద పెట్టాను. పొద్దున వచ్చేసరికి నా బల్ల మీద మీ వీధి ఉంది.

కాబట్టి అత్తయ్యా, నువ్వంటూ వెళ్తే ఉండబోయే ఇల్లు నేనే గీస్తున్నాను. నేను గీసినవాటిలో ఇంతవరకూ నేల మీద లేచి నిలబడింది ఒక ప్రహరీ గోడ. దాన్ని కూడా రోడ్డు వెడల్పు చేస్తామని కూల్చేశారు.

నీ ఇంటి గురించి రాయి. కొలతలు వద్దు, అవి ఉన్నాయి. మంచం ఎటు తిప్పి వేసుకుంటావు, లేవగానే మొదట ఏం కనిపిస్తుంది, ఏ కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతావు, అవి కావాలి. చిన్నప్పుడు నీ ఇంటికి వచ్చినన్నాళ్లూ నాకు జ్వరమే. నాకు గుర్తున్నది పైకప్పు ఒక్కటే.

ఆగస్టు ఆఖరికి పాత ఊరి చుట్టూ కంచె వేసేస్తారట, ఈలోపే తేల్చుకోవాలట. ఇది నాన్న మాట. నాది కాదు.

నీ కోడలు


మార్చి 2

ఏమే కోడలా,

నీ ఉత్తరం రేడియో చేతికి చిక్కింది. రేడియో అంటే మా ఎదురింటావిడ, వార్తలు మోస్తుందని ఆ పేరు. నేను ఇంట్లో లేనని పోస్టువాడు ఆవిడకి ఇచ్చిపోయాడు. నా దాకా వచ్చేసరికి వీధి వీధంతా తెలిసిపోయింది. "దీపాలక్క మేనకోడలు మన ఇళ్లు గీస్తోందంట!" ఒకాయన వచ్చి స్నానాల గది కాస్త పొడుగ్గా గీయించమన్నాడు, తనకి కాళ్లు పొడుగంట. ఇంకొకావిడ, "గోడలు మందంగా పెట్టమను, మా ఆయన గురక పక్కింటికి వినబడకూడదు" అంది. చూసుకో మరి, ఇల్లు గీయడమంటే ప్రహరీ గోడ గీసినంత తేలిక కాదు.

గనిలోకి దిగేవాళ్లకి దీపాలు అందించే గదిలో పనిచేశాను కాబట్టి దీపాలక్కనయ్యాను. నేను రిటైరయ్యాను గానీ ఆ పేరు కాలేదు.

ఇంటి గురించి ఏం రాయను? ముందు గది నుంచి వంటగదికి నేల దిగిపోతూ ఉంటుంది. నీళ్లు ఒలికితే గుడ్డ పట్టుకుని పరిగెత్తక్కర్లేదు, వంటగది గుమ్మంలో నించుంటే చాలు, అవే నడిచొస్తాయి. తలుపు తీసి వదిలేస్తే అలిగిన పిల్లలా తనంతట తనే మెల్లగా మూసుకుంటుంది. మొదట్లో భయమేసేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత అలవాటైందన్న సంగతి కూడా మర్చిపోయాను. ఇప్పుడు నువ్వు అడిగితే నేల వంక చూశాను, అమ్మో ఇంత వాలా అనుకున్నాను.

మంచం ముందు గదిలో కిటికీ పక్కన. లేవగానే కనిపించేది గని మీద, మనుషుల్ని కిందికి దింపే ఇనుప చక్రం. అదిప్పుడు తిరగడం లేదు. పొగమంచులో చూస్తే మాత్రం తిరుగుతున్నట్టే ఉంటుంది. టీ అక్కడే తాగుతాను.

మైదానానికి తీసుకెళ్లి చూపించారు. ఏముందే అక్కడ? గాలి, గడ్డి, మళ్లీ గాలి. "ఇదే మీ వీధి" అని సున్నపు గీతలు చూపించారు. గీత మీద నించుని ఎటు చూసినా దూరమే. జీవితమంతా చిన్న గదిలో దీపాల మధ్య కూర్చున్నదాన్ని, అంత దూరం నాకు అలవాటు లేదు. కళ్లు తిరిగాయి.

అన్నయ్యతో చెప్పు. తన ఇంట్లో నాకు గది ఉందని తెలుసు. కానీ పొద్దున టీ పెట్టుకోవాలంటే వదినని అడగాలి. వదిన వద్దనదు. అదే ఇబ్బంది. వద్దనే మనిషైతే పోట్లాడి పెట్టుకునేదాన్ని.

నువ్వు గీయి. చూసి చెబుతాను.

నీ అత్త


ఏప్రిల్ 9

అత్తయ్యకి,

నీ ఇల్లు గీసేశాను. నీ పాత ఇంట్లో గదులు ఏ వరసలో ఉన్నాయో అదే వరస. కిటికీ మాత్రం మార్చాను. అంత దూరం ఒక్కసారి మీద పడితే కళ్లు తిరిగాయన్నావు కదా. అందుకని నీ గది కిటికీ చిన్నది చేసి, గోడ మందం పెంచి, లోపల మోచెయ్యి ఆనించుకునేంత అరుగు పెట్టాను. మైదానమంతా ఒకేసారి రాదు. నువ్వు ముందుకి వంగితే కాస్త ఎక్కువ కనిపిస్తుంది, వెనక్కి జరిగితే తగ్గుతుంది. నీకు ఎంత కావాలంటే అంతే దూరం.

పెద్దసారు ఆ ప్లాను చూసి, "వీధంతా ఒక రకం కిటికీ, ఈ ఒక్క ఇంటికి ఇలా ఎందుకు?" అన్నారు. నేను జవాబుగా ట్రేసింగ్ కాగితం మీద ఒక మనిషి బొమ్మ గీశాను, కిటికీ దగ్గర టీ తాగుతున్నట్టు. ఆయన చూసి, "ఈవిడ మీకు తెలుసా?" అన్నారు. తలూపాను. సంతకం పెట్టేశారు.

పోయిన వారం మమ్మల్ని మైదానానికి తీసుకెళ్లారు. మిగతావాళ్లు టీ తాగడానికి వెళ్లినప్పుడు నేను నీ గది వెతుక్కున్నాను. సున్నపు గీతల మధ్య నీ మంచం వచ్చే చోట పడుకుని చూశాను. నవ్వకు. గడ్డి ఎండి, వెచ్చగా ఉంది. ఒక మబ్బు నీడ దూరాన బయలుదేరి, వంటగది మీదుగా వచ్చి, ముందు గదిలో నా మీద నుంచి వీధిలోకి వెళ్లిపోయింది. గోడలు లేని ఇంట్లో అది కూడా వరస తప్పలేదు. నాకెందుకో అక్కడ ఇంతకుముందే ఉన్నట్టు అనిపించింది.

వానలకి ముందే అందరినీ చేర్చాలని రాత్రీపగలూ కడతారట, ఆ తొందరలో నేల సంగతి దగ్గరుండి చూసుకోమని మేస్త్రీకి మరీ మరీ రాశాను. చుక్క నీరు పోస్తే ఎటు పోవాలో తెలియక ఉన్నచోటే నిలబడాలి. అంత మట్టంగా ఉంటుంది నీ ఇల్లు.

నీ కోడలు


జూన్ 20

కోడలా,

సామాను చేర్చుకుని పదిహేను రోజులు దాటింది. నీ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక ఇన్నాళ్లూ రాయలేదు. ఇక రాయక తప్పదు.

ఇల్లు వాలిపోతోంది.

ఒట్టు. మంచం మీద పడుకుంటే గోడవైపు దొర్లిపోతున్నాను. అల్మరా తలుపు మూస్తే ఆగదు, ఆవులించినట్టు తెరుచుకుంటుంది. బల్ల మీద పెన్సిలు పెడితే నా ఒళ్లోకి వస్తుంది. మా పాత ఇంట్లో ఇన్నేళ్లు కాపురం చేశాను, నేల అంత వాలిపోయిందా, ఏనాడైనా మంచం మీద నుంచి జారానా? ఇక్కడ కూడా కింద ఏదో తవ్వేశారేమో కనుక్కో. పైకి మాత్రం నేల నున్నగా అద్దంలా ఉంది, ఏమీ ఎరగనట్టు.

నడుస్తుంటే తూలు వస్తోంది. రేడియో కూడా తూలుతోంది, నేను చూశాను. "ఏమ్మా, మీ ఇల్లు ఎలా ఉంది?" అని అడిగితే, "బంగారంలా ఉంది" అంది. ఆవిడ అంత చిన్న జవాబు చెప్పడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

సామాను మేమే మోసుకున్నాం. మా వడ్రంగి ఉంటే సర్దిపెట్టేవాడు, కూతురి కాన్పుకి వెళ్లి ఇంకా రాలేదు.

మధ్యాహ్నాలు పాత ఇంటికి నడిచి వెళ్లి, చాప వేసుకుని ఒక నిద్ర తీసి వస్తున్నాను. అక్కడ హాయిగా పడుతోంది.

కిటికీ బాగుంది. అది చెప్పాలి.

నీ అత్త


జూలై 4

అత్తయ్యకి,

నీ ఉత్తరం పట్టుకునే ఆఫీసుకి వెళ్లాను. నేను గీసిన మొదటి ఇల్లు, అందులో నువ్వు, అది వాలిపోవడం. ఆఫీసులో నా అంతట నేను నోరు తెరిచి మాట్లాడింది ఆ రోజే. మీటింగు మధ్యలో లేచి, "మా అత్తయ్య ఇల్లు కుంగుతోంది" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు.

పెద్దసారు ఆ రోజే మనుషుల్ని పంపారు. వాళ్లు వచ్చినప్పుడు నువ్వు లేవట, మధ్యాహ్నం కదా. ఎదురింటావిడ దగ్గర తాళం తీసుకుని చూశారట. వాలు చూసే రసమట్టం గది గదిలోనూ నాలుగు మూలలా పెట్టారు. బుడగ ఎక్కడా నడిమధ్య నుంచి జరగలేదు. పునాది కూడా తవ్వి చూశారు, కింద గట్టి రాయి. వీధిలో మిగతా ఇళ్లలో అడిగితే అందరూ బంగారంలా ఉందన్నారు. ఇంకెవరికీ వాలని ఇల్లు నీ ఒక్కదానికే ఎలా వాలింది?

పెద్దసారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "పెద్దవాళ్లకి ఇల్లు మారడం ఇష్టం ఉండదమ్మా, ఇలాగే ఏదో ఒక వంక పెడతారు" అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అత్తయ్యా, నీకు ఇష్టం లేకపోతే లేదని రాస్తే సరిపోయేది కదా. ఇంటి మీద నేరం మోపడం దేనికి? నేను ఇన్ని రోజులు గీసింది నీకు నచ్చలేదంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇలా అందరిలో నిలబెట్టావు.

నాన్నకి సంగతి చెప్పాను. వ్యాను మాట్లాడి ఆగస్టు మొదటి ఆదివారం తనే వస్తానంటున్నాడు, నిన్ను తీసుకురావడానికి.

కోడలు


జూలై 12

చిరంజీవి కోడలికి,

సరే. అన్నయ్యని రమ్మను. వస్తాను.

నేను అబద్ధం ఆడానని మీ సారు అనుకోవచ్చు, ఆయన నన్ను ఎరగడు.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. నిన్న పాత ఊళ్లో జరిగింది రాస్తాను. వీధిలో ఎవరూ లేరు. కిటికీలు, కొళాయిలు విప్పుకుపోయారు. తలుపులు మాత్రం చాలా ఇళ్లకి అలాగే ఉన్నాయి. గాలి వచ్చినప్పుడు అన్నీ తెరుచుకుని, గాలి ఆగాక ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా మూసుకుంటున్నాయి, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి, అందరూ ఎవరినో సాగనంపి లోపలికి వెళ్లిపోతున్నట్టు. నడిరోడ్డు మీద గడ్డి మొలిచింది. దీపాలగదిలోకి వెళ్లాను. గోడకి దీపాలు తగిలించే కొక్కేలు వరసగా, ఖాళీగా. సున్నం మీద ఒక్కో కొక్కెం కింద ఒక్కో దీపం ఆకారం తెల్లగా మిగిలి ఉంది. కాసేపు నా స్టూలు ఉండే చోట నించున్నాను. పనికి దిగేవాళ్లు వరసలో నిలబడి ఉన్నారనిపించింది. నా చేతులు ఇవ్వడానికి లేచాయి కూడా.

తర్వాత మైదానానికి నడిచి వచ్చాను. వచ్చేటప్పుడు ఎటు వెళ్తున్నానో నాకు అర్థం కాలేదు. అది ఇంటికి వెళ్లడం కాదు, ఇది ఇంటికి రావడం కాదు.

ఇట్లు,
మీ నాన్న చెల్లెలు


జూలై 19

అత్తయ్యకి,

"మీ నాన్న చెల్లెలు" అన్న మాట ఎన్నిసార్లు చదివానో. అంత దూరం చుట్టరికం మనకి ఎప్పుడూ లేదు.

నీ కోసం నా గది ఖాళీ చేశాను. పుస్తకాలు నడవలోకి మార్చాను. కిటికీలోంచి ఎదురింటి గోడ కనిపిస్తుంది, కళ్లు తిరిగేంత దూరం ఏమీ లేదు. టీ నువ్వే పెట్టుకోవచ్చని అమ్మ చెప్పింది. అలా చెప్పాల్సి రావడమే బాగోలేదని తనకీ అనిపించినట్టుంది, చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నన్ను కాలనీ పని నుంచి తప్పించమని పెద్దసారుకి చీటీ రాశాను. ఇళ్లు నాకు చేతకావు. ఇంట్లో ఉండేది మనుషులు, వాళ్ల మనసు రసమట్టానికి అందదు. గోడలు, కాలువలు గీస్తాను. ఆయన చీటీ తీసుకుని సొరుగులో పెట్టుకున్నారు.

ఆ దీపాల ఆకారాల గురించి రాశావు కదా. ఆఫీసులో కూర్చున్నా అవే కనిపిస్తున్నాయి.

కోడలు


జూలై 29

ఒసే కోడలా,

నవ్వి నవ్వి కళ్లజోడు తడిసిపోయింది, అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

వడ్రంగి వచ్చాడు. కూతురికి ఆడపిల్లంట. నేను అన్నయ్య దగ్గరికి పోతున్నానని విని, మంచం విప్పి కట్టిపెడతానని వచ్చాడు. ఇద్దరం పట్టుకుని వీధిలోకి తెచ్చాం. సిమెంటు రోడ్డు మీద దింపాడు. మంచం ఒక పక్కకి వాలి నించుంది. వాడు వంగి చూశాడు. అటు వెళ్లి చూశాడు. నెత్తి గోక్కున్నాడు.

"అక్కా, ఈ కాళ్లు నేను కోసినవే."

"ఎప్పుడురా?"

"ఏటేటా కోస్తూనే ఉన్నాను కదక్కా! మీ నేల దిగినప్పుడల్లా ఎత్తువైపు కాళ్లు కాస్త తగ్గించేవాడిని, పడక సమానంగా ఉండాలని. ఇది మంచం కాదక్కా, మీ నేలకి కొలతలు తీసి కుట్టిన చొక్కా. ఇంకొకరికి తొడిగితే ఎలా సరిపోతుంది?"

ప్రతి వేసవిలోనూ రంపం పట్టుకుని వీధంతా తిరిగేవాడు, మంచాలు, బల్లలు, అల్మరాలు అన్నీ సర్దిపోయేవాడు. నా కళ్ల ముందే! ఆకురాలే కాలం వచ్చి పోయినట్టు వాడూ వచ్చి పోయేవాడు, ఎవరు పట్టించుకుంటారు? ఇక్కడ మంచం వాలగానే నాకు తోచింది ఒక్కటే, నేల కుంగిందని. మా ఊళ్లో ఏది వంకరైనా తప్పు నేలదే. ఇన్నేళ్లలో ఇంకో మాట మేము అనుకోలేదు.

ఇంకా విను. నేను గట్టిగా నవ్వుతుంటే రేడియో బయటికి వచ్చింది. మంచం చూసింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. లోపలికి లాక్కెళ్లి చూపించింది. ఆవిడ మంచం కాళ్ల కింద ఇటుకలు! అల్మరా తలుపుకి తాడు! పక్కింట్లో బల్ల కింద చెప్పులు. గురక ఆయన నేల మీదే పడుకుంటున్నాడంట. వీధి మొత్తం, కోడలా! ఒక్కరు కూడా ఇంకొకరికి చెప్పలేదు. కొత్త ఇల్లు ఊరికే ఇచ్చారు, వంక పెడితే లాగేసుకుంటారేమోనని భయం. మీవాళ్లు వచ్చి అడిగితే అందరూ తూలుకుంటూ బంగారం అన్నారు. నిజం చెప్పి అబద్ధాలకోరు అనిపించుకున్నది నేనొక్కదాన్నే.

నీ ఇల్లు మట్టంగానే ఉంది. మేమే వంకరగా తయారై వచ్చాం.

మీ సారుకి చెప్పు. నువ్వు నోటితో చెప్పాలి, చీటీ రాయకు.

నీ అత్త


ఆగస్టు 2

అత్తయ్యకి,

నోటితోనే చెప్పాను. మొదట ఎవరికీ అర్థం కాలేదు, మధ్యలో నాకు నవ్వు వచ్చేసింది. పెద్దసారు కళ్లు తుడుచుకుంటూ, "మనవాళ్లు నేల మీద పెట్టారు గానీ మంచం మీద ఎవరూ రసమట్టం పెట్టలేదన్నమాట" అన్నారు. నా చీటీ తిరిగి ఇచ్చేశారు. అది ఇంకా నా దగ్గరే ఉంది. చింపాలో, మళ్లీ ఇవ్వాలో తెలియడం లేదు.

నిన్ను నమ్మలేదు. నా ఇంటిని నమ్మాను. క్షమించు.

మంచం సంగతి తేలిపోయింది కాబట్టి అక్కడే ఉండమని రాద్దామని ఈ కాగితం మూడుసార్లు మార్చాను. కానీ కాలనీకి రావడం ఇంటికి రావడం కాదని రాశావు. అది మంచం కాళ్లు కోస్తే సరిపోయేది కాదని నాకు తెలుసు. మట్టంగా ఉన్నంత మాత్రాన ఇల్లు సొంతమవదు. అందుకని ఏమీ అడగను. ఆదివారం నాన్న వస్తాడు. నువ్వు వ్యాను ఎక్కినా, ఎక్కకపోయినా నాకు ఉత్తరం మాత్రం రాయి.

నీ కోడలు


ఆగస్టు 8

కోడలా,

మీ నాన్న ఈపాటికి ఇంటికి చేరి ఉంటాడు. వ్యాను ఖాళీగా ఎందుకు వచ్చిందో తన కథ తను చెప్పి ఉంటాడు. నాది విను.

నేను రావడానికే సిద్ధమయ్యాను. నిజం. మూటలు గుమ్మంలో పెట్టి, పొద్దున్నే రోడ్డు మీద నించున్నాను. ఎంతసేపటికీ వ్యాను రాదు. చివరికి వెతుక్కుంటూ బయలుదేరితే నాలుగు వీధుల అవతల దొరికాడు. వ్యాను దిగి, చెమటలు కక్కుకుంటూ, ఎవరి తలుపో బాదుతున్నాడు.

నన్ను చూసి మండిపడ్డాడు. "ఏం ఊరే ఇది! ఏ వీధి చూసినా అదే వీధి, ఏ ఇల్లు చూసినా అదే ఇల్లు! మనుషులుండే చోటేనా?"

నాకు ఒళ్లు మండింది. "ఒకేలా ఎక్కడున్నాయి అన్నయ్యా? ఇది గాలి వీధి, చూడు, బట్టలన్నీ ఒకే పక్కకి ఎగురుతున్నాయి. మాది గాలికి వీపు తిప్పుకుని ఉంటుంది. ఆ మలుపులో గడ్డి ఎర్రగా ఉంది, ఇక్కడ పచ్చగా ఉంది, కనబడటం లేదూ? వాన మా వీధి చివర మొదలై ఇటు వస్తుంది. ఇంత కళ్లెదురుగా ఉంటే దారి తప్పడం ఏంటి, కళ్లజోడు మార్చుకో!"

అన్నయ్య నన్నే చూస్తూ నించున్నాడు. "నువ్వు ఇక్కడికి వచ్చి ఎన్నాళ్లయింది?" అన్నాడు మెల్లగా. నా మాటలు నాకే వినబడ్డాయి. అవన్నీ ఎప్పుడు చూశానో నాకు తెలియదు. పాత ఊరికి మధ్యాహ్నాలు వెళ్తూ వస్తూ తూలుతూ నడిచాను కదా, అప్పుడే అయి ఉంటుంది. చూద్దామని చూడలేదు.

ఇంటికి తీసుకొచ్చి టీ పెట్టి ఇచ్చాను. కిటికీ అరుగు మీద మోచెయ్యి ఆనించి తాగాడు. కాస్త ముందుకి వంగాడు, వెనక్కి జరిగాడు, మళ్లీ వంగాడు. "ఇది చిన్నదాని పనా?" అన్నాడు. అవునన్నాను. మూటలు తనే లోపల పెట్టి వెళ్లాడు. పాత ఇంటి తాళం నిన్న ఇచ్చేశాను.

ఆ చీటీ చింపెయ్యి. వీధిలో అందరూ అడుగుతున్నారు, ఇల్లు గీసిన పిల్ల ఎప్పుడు వస్తుందని. రా. సున్నపు గీతల్లో పడుకుంటే సరిపోదు, గోడల మధ్య ఒక మధ్యాహ్నం పడుకుని చూడు.

దారి చెబుతాను, ఎవర్నీ అడగకు. బస్సు దిగాక తారురోడ్డు వదిలెయ్యి, అది ఊరంతా తిప్పుతుంది. ఎడమకి గడ్డిలో కాలిబాట ఉంటుంది. గాలి నీ కుడి చెంపకి తగులుతుంటే సరిగ్గానే వస్తున్నట్టు. కొంత దూరం పోయాక నేల కాస్త లేస్తుంది, పాదానికి తెలుస్తుంది గానీ కంటికి తెలియదు. అక్కడ ఆగు. మబ్బు నీడలు ఎటు పోతుంటే అటు నడువు, సాయంత్రం పూట అవి మా వీధి మీదుగానే పోతాయి. గాలి ఒక్కసారి ఆగిపోయి చెవులు వెచ్చబడితే, అది మా వీధి.

ఇల్లు వెతకకు. ఇక్కడ అడ్డం ఏమీ లేదు, వచ్చేవాళ్లు చాలా దూరం నుంచే కనిపిస్తారు. నువ్వు నన్ను చూసేలోపు నేనే నిన్ను చూస్తాను.

నీ అత్త